సినిమాకి పోవడమే ఎదుగుదలా?

మహాశివరాత్రికి నెల ముందు మా ఊళ్ళో ప్రభ కమిటీ కూర్చోవడం ఆనవాయితీ. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ కట్టే ఊళ్ళు మా వైపు చాలానే ఉన్నాయి. అందుచేత మా ఊరి పేరు చెప్పను. మీరు పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలవారైతే మీ ఊరి పేరే పెట్టుకొని చదువుకోండి, కథ పెద్దగా మారదు.

రెండేళ్ళ క్రితం సంగతి. మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజులు. కల్లాల మీదుగా గాలి వీస్తే రామాలయం అరుగు మీద కూర్చున్నవాళ్ళకు కూడా దగ్గు వస్తున్నది. చందాల లెక్క అయింది, విద్యుద్దీపాల లెక్క అయింది, జనరేటరు అద్దె తేలింది. ప్రభ ముందు రాత్రంతా సాగే ఆర్కెస్ట్రాకు ఎంత ఇవ్వాలన్నదాని మీద వాదన నడుస్తున్నది. అప్పుడు వచ్చారు ముగ్గురు కుర్రాళ్ళు. ఒకడి చేతిలో గిటారు, ఒకడి దగ్గర కూర్చుని వాయించే చెక్కపెట్టె, మూడోవాడి భుజాన డప్పు. పాటలు రాసేది గిటారు కుర్రాడు. వాళ్ళమ్మ కల్లాల్లో తాలుకాయ ఏరే కూలికి వెళ్తుంది. రోజంతా ఎర్రకాయనూ తాలుకాయనూ వేరుచేసి, ఇంటికి వచ్చిన తరువాత మండే చేతులతో పసిబిడ్డను ఎత్తుకోలేకపోయిన తల్లి మీద వాడొక పాట రాశాడు. నేను అంతకు ముందే విన్నాను. మంచి పాట. నా బోటివాడు నాలుగు పుటల్లో చెప్పలేనిది నాలుగు చరణాల్లో చెప్పాడు.

"బాబాయ్, మాకొక గంట ఇప్పించండి" అన్నాడు కమిటీ పెద్దతో.

"ఏ సినిమా పాటలు పాడతారురా?"

"సినిమావి కాదు బాబాయ్, మేం రాసుకున్నవి. ఆటో ఖర్చులు, ఐదువేలు ఇప్పిస్తే చాలు."

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. "ముందు ఏదైనా సినిమాలో ఒక్క పాట రానీయండ్రా అబ్బాయ్. అప్పుడు మేమే శాలువా కప్పి పిలుస్తాం" అన్నాడు. అరుగు మీదివాళ్ళందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తప్పని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పెద్దమనిషిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన అన్న మాట ఆయన సొంతం కాదు. అది మనందరి సిద్ధాంతం. టీవీలు, పత్రికలు, విద్యావంతులు, పాటల పోటీల న్యాయనిర్ణేతలు అందరూ ఇదే మాటను కొంచెం మర్యాదగా అంటారు. ఒక స్వతంత్ర బృందం గురించి రాయవలసి వస్తే 'సినిమా అవకాశం వచ్చింది' అన్న వాక్యంతోనే ఆ కథకు శుభం కార్డు వేస్తారు. సొంత పాట మొదటి మెట్టు, సినిమా పాట చివరి మెట్టు అన్న లెక్క మన బుర్రల్లో ఎంత స్థిరపడిందంటే, దానిని ఒక అభిప్రాయమని కూడా మనం గుర్తించము. ఈ లెక్క తప్పని నా వాదన.

బృందం అంటే ఏమిటి? కొందరు మనుషులు కలిసి కూర్చుని, తమ అనుభవం నుండి మాటను, తమ చేతుల నుండి లయను తీసి, ఎవరూ పురమాయించకుండా ఒక పాట చేయడం. అందులో మాట రాసేవాడు ఒకడైనా, డప్పువాడి దెబ్బను బట్టి ఆ మాట పొడవు మారుతుంది. సినిమా పాట పుట్టే తీరు వేరు. దర్శకుడు సన్నివేశం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ ఇస్తాడు, ఆ బాణీ కొలతకు సరిపోయే మాటలను రచయిత కూర్చుతాడు, గాయకుడు పాడతాడు, కథానాయకుడు పెదవులు కదుపుతాడు. ఇందులో గొప్ప పాటలు రాలేదని కాదు. వేలు వచ్చాయి, నేనూ వాటితోనే పెరిగాను. కాని ఈ పద్ధతిలో బృందానికి చోటులేదు. సినిమా బృందంలోనుండి ఒక గొంతును తీసుకుంటుంది, లేదా ఒక కలాన్ని తీసుకుంటుంది. మిగిలినవాళ్ళు ఇంటికి పోవలసిందే. కాబట్టి 'సినిమాకి వెళ్ళింది' అని మనం చప్పట్లు కొట్టే రోజు చాలాసార్లు ఆ బృందం విడిపోవడం మొదలైన రోజు.

మన కళ్ళముందు జరిగిన ఉదాహరణ చెబుతాను. హైదరాబాదులో 'చౌరస్తా' అనే బృందం ఉన్నది. రామ్ మిరియాల అందులో పాటలు కట్టి పాడేవారు. 'ఊరెళ్ళిపోతా మామ' అన్న పాట ఏ సినిమాలోనిదీ కాదు, ఏ కథానాయకుడూ దానికి అడుగులు వేయలేదు. అయినా పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరి పిల్లల ఫోన్లన్నిటిలోకి అది చేరింది. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపవద్దని, దూరంగా ఉండి నమస్కారం పెట్టమని ఆ బృందం ఒక పాట కట్టింది. ప్రభుత్వ ప్రకటనలను చదవనివాళ్ళు కూడా ఆ పాటను పాడుకున్నారు. ఊరికి కష్టం వస్తే ఊరి భాషలో వెంటనే పాట కట్టగలగడం స్వతంత్ర బృందానికి మాత్రమే సాధ్యమైన పని. సినిమాలో అయితే ఆ కష్టానికి తగిన సన్నివేశం కుదరాలి, నిర్మాత ఒప్పుకోవాలి, విడుదల తేదీ రావాలి.

ఆ తరువాత రామ్ మిరియాల బృందంనుండి బయటికి వచ్చారు. 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో చిట్టి పాట పాడారు. 2022లో 'డీజే టిల్లు' శీర్షిక గీతానికి బాణీ కట్టి పాడారు, దానికి మాటలు కాసర్ల శ్యామ్ రాశారు. 2024లో 'టిల్లు స్క్వేర్' లోనూ అదే జంట ఒక పాట చేసింది. ఊరూవాడా మోగిన పాటలివి. ఆయన వెళ్ళడం తప్పని నేను అనను. ఇల్లు గడవాలి, ప్రతిభకు తగిన ప్రతిఫలం అందాలి. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. సినిమాకి పోకుండా, సొంత పాటలతోనే, ఏడాదికి ఒక వంద ఊళ్ళు తిరిగి బతకగలిగే మార్గాన్ని మనం ఆయనకు చూపామా? చూపి ఉంటే, ఆ తరువాత సినిమాకి వెళ్ళడం ఆయన ఎంపిక అయ్యేది. చూపలేదు కనుక మరో దారి లేకపోయింది. రెంటికీ చాలా తేడా ఉన్నది.

పోనీ సినిమా అయినా నిలకడగా నిలబెడుతుందా? 2021లో 'భీమ్లా నాయక్' సినిమా శీర్షిక గీతం కిన్నెర మొగులయ్య గొంతుతో మొదలైంది. పన్నెండు మెట్ల కిన్నెరను వాయించే ఆ కళాకారుణ్ణి నల్లమల అంచునుండి తెచ్చి లోకమంతటికీ వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో ఆయన ఇల్లు గడవక కూలిపనికి వెళ్తున్నారన్న వార్తను మనమంతా చదివాము. సినిమా ఆయనకు ఒక పల్లవి ఇచ్చింది. దానిని జీతంగా మార్చే బాధ్యత సినిమాది కాదు, అదెన్నడూ ఆ మాట ఇవ్వలేదు. ఆ బాధ్యత ఎవరిదని అడిగితే మనం తలలు దించుకుంటాము.

ఇక్కడ నా మీదికి ఒక బాణం వస్తుందని తెలుసు. "తెలుగువాడు సినిమా పాట తప్ప మరొకటి వినడు. బెంగాలువాళ్ళకు బాండ్లున్నాయి, మనకు ఆ సంస్కృతి లేదు" అని. ఈ మాట అనేవాళ్ళను తాడికొండ దగ్గర పొన్నెకల్లుకు ఒకసారి వెళ్ళి రమ్మంటాను.

1920లో ఆ ఊళ్ళో దూదేకుల కుటుంబంలో షేక్ నాజర్ పుట్టాడు. పత్తి ఏకి బతికే కులం అది. పత్తి పండే నేలలోనే పింజారి అన్న మాట తిట్టుగా మారింది. ఆయన తన జీవితకథకు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నాడు. ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి అక్షరబద్ధం చేసిన 'పింజారి' చదవనివారుంటే దయచేసి చదవండి. ఒక బృందమూ దాని పాటగాడూ ఎలా ఎదుగుతారో తెలుసుకోవడానికి తెలుగులో అంతకన్నా మంచి పుస్తకం నాకు తెలియదు.

బుర్రకథ దళాన్ని ఈనాటి మాటలో చెప్పుకుంటే ముగ్గురి బాండు. మధ్యలో తంబురా భుజాన వేసుకొని, వేళ్ళకు అందెలు తొడుక్కొని కథకుడు. ఇరుపక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు. ఆ రాజకీయపు వంత పల్నాటి యుద్ధం నడుమ కథను ఆపి, ఆ వారం రేషను దుకాణంలో ఏం జరిగిందో చెప్పి, మళ్ళీ కథకుణ్ణి యుద్ధంలోకి పంపగలడు. పాత జంగంకథను తీసుకొని 1940లలో గుంటూరు, కృష్ణా జిల్లాల కమ్యూనిస్టు కళాకారులు, ఆ తరువాత 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని తీర్చిదిద్దారు. నాజర్ దానికి తన సంగీత పరిజ్ఞానాన్ని, నటనను, అభినయాన్ని చేర్చాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాలు కరువు, ఇలా ఒక్కొక్క కథా రాత్రంతా వేలమందిని నేలమీద కూర్చోబెట్టింది. మైకు సరిగా లేని కాలంలో, పోస్టరు లేని కాలంలో. వాటిలో ఏదీ సినిమా పాట కాదు. తెలుగువాడు సినిమా పాట తప్ప వినడన్న మాటకు ఇంతకన్నా జవాబు కావాలా?

దొరతనానికి భయం కలిగేటంతగా విన్నారు. మద్రాసు ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. పాటకు బలం లేకపోతే నిషేధం దేనికి? నిషేధాల తరువాత ప్రజానాట్యమండలినుండి చాలామంది మద్రాసు బండి ఎక్కారు. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశారు. జమునను, అల్లు రామలింగయ్యను తెలుగు తెరకు పరిచయం చేసిన ఆ చిత్రం ఆర్థికంగా దెబ్బతిన్నది. ఆ నటీనటులను మన సినిమా బాగా వాడుకున్నది, సంతోషమే. కాని ఊరూరా తిరిగే మండలి బలహీనపడింది.

నాజర్ కూడా సినిమాలో కనిపించాడు. 1954లో 'అగ్గిరాముడు' లో అల్లూరి బుర్రకథ చెప్పాడు. నేను చెప్పదలచిన అసలు విషయం ఇక్కడున్నది. ఆయన ఆ తెరమీదికి తన కథతో, తన అందెలతో, తన వంతలతో బుర్రకథకుడిగానే వెళ్ళాడు, మళ్ళీ ఊళ్ళకు బుర్రకథకుడిగానే తిరిగి వచ్చాడు. సినిమా ఆయనకు ఒక మజిలీ, గమ్యం కాదు. 1986లో పద్మశ్రీ వచ్చినా, 1997లో కన్నుమూసేనాటికీ జనం ఆయనను బుర్రకథ నాజర్ అనే పిలిచారు. ఎదుగుదల అంటే నా దృష్టిలో అది. కథ పెద్దదయింది, చేయి తిరిగింది, శిష్యులు తయారయ్యారు. దానిని మరొకరి సన్నివేశంలోకి కుదించుకోనక్కరలేకపోయింది.

మరొక బాణానికి కూడా సిద్ధంగా ఉన్నాను. "నాజర్ వెనుక పార్టీ ఉన్నది, అది స్వతంత్రం ఎలా అవుతుంది?" నిజమే. గాలిలో వేలాడే స్వాతంత్ర్యం ఎక్కడా లేదు. బీటిల్స్ వెనుక 1960 నుండి 1962 వరకు రాత్రుళ్ళు గంటల తరబడి వాయించుకోనిచ్చి కూలి ఇచ్చిన హాంబర్గు క్లబ్బులున్నాయి. మనకే 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఉండేది. లలిత సంగీతమనే ఒక ప్రపంచం, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వాగ్గేయకారులు సినిమాకు బయట పాటను బతికించారు. ప్రతి పాటకూ ఒక ఆసరా కావాలి. పార్టీ కావచ్చు, రేడియో కావచ్చు, క్లబ్బు కావచ్చు, తిరునాళ్ళు కావచ్చు. పాటను పాటగాడికే వదిలిపెట్టే ఆసరా ఏది అన్నదే నా ప్రశ్న.

ఉదాహరించే బెంగాలునే చూద్దాం. 1975లో కలకత్తాలో గౌతమ్ చట్టోపాధ్యాయ, ఆయన మిత్రులు 'మహీనేర్ ఘొడాగులి' మొదలుపెట్టారు. జనం పెద్దగా పట్టించుకోలేదు. 1981లో విడిపోయారు. 1995లో కొత్త తరం పిల్లలను కలుపుకొని మళ్ళీ పాటల సంకలనం తెస్తే అప్పుడు బెంగాలు తలకెత్తుకున్నది. అంటే బాండు సంస్కృతి వాళ్ళకు కూడా పుట్టుకతో రాలేదు. ఇరవై ఏళ్ళ తరువాతనైనా వినడానికి సిద్ధపడ్డారు, అంతే. మనం యాభై ఏళ్ళు ముందే విని, తరువాత మరచిపోయాము. వాళ్ళకన్నా మన పాపమే పెద్దది.

మరి మరచిపోయేలా చేసిందెవరు? 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' వచ్చింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల ఉచ్చారణను దిద్దిన తీరు వంటి విద్యాబోధన మరొకటి లేదు. దాని వెనుక ఎన్నో పోటీలు వచ్చాయి. అన్నిటిలోనూ దాదాపుగా సినిమా పాటే పాఠ్యాంశం. మూడు దశాబ్దాలుగా గొంతు బాగున్న ప్రతి పిల్లవాడికీ మనం నేర్పింది ఒక్కటే, ఇతరుల పాటను తప్పులేకుండా పాడటం. నీ పాట ఏదిరా అని అడిగినవాళ్ళు అరుదు.

2012లో కాపీరైటు చట్టానికి సవరణ వచ్చింది. సినిమా హాలులో ప్రదర్శన కాక ఇతరత్రా వాడకానికి వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉంటుందని, ఆ హక్కును నిర్మాతకు రాసిచ్చినా అది చెల్లదని చెప్పింది. మంచి చట్టం. అయితే రాయల్టీ రావాలంటే ముందు ఆ పాట ఎక్కడో మోగాలి, మోగించినవాడు లెక్క కట్టి చెల్లించాలి. తిరునాళ్ళలో ఒక గంట కూడా దొరకని పాటకు ఏ చట్టం మాత్రం ఏమి వాటా ఇప్పించగలదు? యూట్యూబులో ఎవరైనా పాట పెట్టవచ్చు, నిజమే. దారి పక్కన ఎవరైనా మిరపకాయలు రాశి పోసుకోవచ్చు కూడా. కొనేవాడు రావాలి కదా.

మాది లెక్కలు తెలిసిన నేల. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునే మిర్చి యార్డు గుంటూరులో ఉన్నది. ధర లేకపోతే టిక్కీలను శీతల గిడ్డంగిలో దాచి నెలల తరబడి ఎదురుచూసే ఓపిక మాకున్నది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర కుప్పకూలితే రోడ్డెక్కాము, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించవలసి వచ్చింది. అది చాలదని కూడా పోట్లాడాము. పండించినవాడికి కనీస ధర ఉండాలన్న న్యాయం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అదే మేము, అదే అరుగు మీద కూర్చుని, పాట పండించిన కుర్రాణ్ణి చూసి నవ్వాము. వాడి పాటను తాలుకాయలా పక్కకు ఏరేశాము. వినకుండానే. తాలు ఏరే కూలి మనిషి కూడా ప్రతి కాయనూ చేతిలోకి తీసుకొని చూస్తుంది, మేము ఆ పాటి కష్టం కూడా పడలేదు.

ఆ ముగ్గురూ ఏమయ్యారని అడుగుతారు. గిటారు కుర్రాడు అవకాశాల కోసం హైదరాబాదు వెళ్ళాడు. ఒక సినిమా కార్యాలయం గుమ్మంలో ఎదురుచూడటమే ఇప్పుడు వాడి సాధన. వాడు రాయడం మానేశాడని వాళ్ళమ్మ చెప్పింది, "బాణీ ఇస్తేనే రాయాలంట బాబూ" అని. మిగతా ఇద్దరూ ఊళ్ళోనే ఉన్నారు. నిరుడు శివరాత్రి రాత్రి మా ప్రభ ముందు ఆర్కెస్ట్రాలో డప్పువాడు కనిపించాడు. డీజే టిల్లు పాట వాయిస్తున్నాడు. అద్భుతంగా వాయిస్తున్నాడు. జనం ఈలలు వేశారు. సొంత పాటతో మొదలైన ఒక మనిషి పాట, సినిమాలో పెద్దదై, మరో మూడు సొంత పాటలకు చోటులేకుండా చేసి మా ఊరికి తిరిగి వచ్చింది. ఇందులో ఆ పాట తప్పు లేదు, పాడినవారి తప్పు అసలే లేదు. ఆ రాత్రి కార్యక్రమం వరుస రాసిన కమిటీలో నేను ఉన్నాను.

అందుచేత ఉపన్యాసం కట్టిపెట్టి ఒక పని చెబుతాను. ప్రభ కట్టే ప్రతి ఊరూ, తిరునాళ్ళు చేసే ప్రతి కమిటీ, రాత్రి కార్యక్రమంలో ఒక్క గంట సొంత పాటకు కేటాయించాలి. సినిమా పాటను ఆపమని నేను అనడం లేదు, అది మిగతా రాత్రంతా ఉండనీయండి. ఆ ఒక్క గంటకు డబ్బు ఇవ్వాలి. శాలువా కాదు, డబ్బు. బేరం ఆడకుండా, ఆర్కెస్ట్రాకు గంటకు ఎంత పడుతుందో అంత. పాత రెండు జిల్లాల్లో యాభై ఊళ్ళు ఈ పని చేస్తే ఒక బృందానికి ఏడాది గడుస్తుంది. బుర్రకథ దళాలు బతికిందీ ఇలాగే, ఒక్కొక్క ఊరి ఒక్కొక్క రాత్రి మీద. మొదటి ఏడాది జనం లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనీయండి. మూడో ఏడాదికి వంత కలుపుతారు.

వచ్చే కమిటీలో ఈ మాట నేనే లేవదీస్తాను. చందా చాలదంటే ఆ గంటకయ్యే ఖర్చు నా పంటలోనుండి ఒక టిక్కీ అమ్మి ఇస్తాను. గిటారు కుర్రాడికి ఫోను చేసి చెప్పాను కూడా. కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎవరి పాటలు పాడాలి బాబాయ్?" అని అడిగాడు.

వాడి చేత ఆ ప్రశ్న అడిగించింది మనమే. మీ ఊరి కమిటీలో మీరు కూడా కూర్చుంటారు కదా, మీరేమంటారు?